ఎవరూ అందుకోని తప్పు

ఆ కర్టెన్ల షాపులో ఆమెను అందరూ పిన్నీ అనే పిలిచేవారు. వయసులో ఆమెకన్నా చాలా పెద్దవాడైన కటింగ్ మాస్టారు కూడా అలాగే పిలిచేవాడు.

"నేను మీక్కూడా పిన్నినేనా మాస్టారూ? మీ అమ్మగారికి చెల్లెల్లా కనిపిస్తున్నానా?" అని ఆమె నవ్వేది.

"వయసు చూసి కాదమ్మా, నోరు చూసి పిలుస్తున్నాం. ఇంతమందిలో ఎవర్నీ నొప్పించని నోరు నీదొక్కటేగా" అనేవాడు ఆయన.

ఆ నోరు ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చి పంపింది. పుట్టింట్లో వంటగది ఒకటే, మనుషులు మాత్రం బోలెడు. అమ్మానాన్నా, బాబాయిలు, చిన్నమ్మలు, లెక్కలేనంతమంది పిల్లలు, అందరి మీదా నాయనమ్మ. అంతమంది మసిలే చోట ఏదో ఒకటి పగలకుండా, ఒలకకుండా, మాడకుండా రోజు గడవదు. అందుకని నాయనమ్మ ఒక పద్ధతి పెట్టింది. "తప్పును కింద పడనివ్వకండర్రా. పడితే ఎవరి కాళ్లకో గుచ్చుకుంటుంది. దగ్గరున్నవాళ్లు ముందు పట్టుకోండి" అనేది.

ఒక గాజు గ్లాసు పగిలిందనుకోండి.

"అయ్యో, నాదే తప్పు. తడి చేత్తో అందించాను" అనేది అమ్మ.

"నీదెందుకవుతుందక్కా, సరిగ్గా పట్టుకోంది నేనే" అనేది చిన్నమ్మ.

"మీ ఇద్దరిదీ కాదు. దారికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చుంది నేను" అని బాబాయి అరిచేవాడు.

"ఆ మాటకొస్తే గ్లాసు కొన్నది నేను. గట్టిది కొనాల్సింది" అని చివర్లో నాన్న అందుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులోనే ఎవరో ఒకరు ముక్కలు ఏరి పారేసేవాళ్లు. వేడి గిన్నె చేతులు మారుతూ మారుతూ చల్లారినట్టు ఆ ఇంట్లో తప్పు చల్లారిపోయేది. అసలు ఎవరి చేతిలోంచి జారిందని ఎవరూ అడిగేవారు కాదు. అడగడం మర్యాద కాదు.

పెళ్లయి అత్తగారింటికి వచ్చిన కొత్తలో ఒకరోజు పాలు పొంగిపోయాయి. పొయ్యి దగ్గర నిలబడింది అత్తగారు. ఈమె గదిలోంచి పరిగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ, "నాదే తప్పత్తయ్యా, నేను చూసుకోవాల్సింది" అంది. అని, అత్తగారి ముఖం వైపు చూస్తూ నిలబడింది. "నీదెందుకమ్మా" అనే మాట వస్తుందని. అత్తగారు ఆమెను ఎగాదిగా చూసి, "మరి చూస్తూ నిలబడతావేం? గుడ్డ తెచ్చి తుడువు" అంది. చెవులు కాలిపోతుండగా తుడిచింది. భర్త బస్సు డ్రైవరు. ఈ కథ విని పడీ పడీ నవ్వాడు. "మా డిపోకి రావే నువ్వు. ఎవడు ఎక్కడ గుద్దినా నాదే నాదే అని నీ ఖాతాలో వేసుకుంటావు. మేమంతా హాయిగా ఉంటాం" అన్నాడు.

అయినా ఆ అలవాటు పోలేదు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చిందో, పుట్టింటితో వచ్చిందో ఆమెకు తెలియదు. రెండూ వేరని అప్పటికి ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

షాపులో ఆమె మొదట అంచులు మడిచే పనికి చేరింది. ఏళ్ల తరబడి తల వంచి అంచులే కుట్టింది. ఆ తర్వాత కటింగ్ మాస్టారుకు కళ్లు మసకబారుతున్నాయని, ఆయన పక్కన కూర్చోబెట్టి బట్ట కోయడం నేర్పించారు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే ఆ బట్ట ఇక బట్ట కాదు. అందుకే షాపులో కటింగ్ బల్లకున్న విలువ ఇంక దేనికీ లేదు. కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద మూరెడు కత్తెర, టేపు, సుద్దముక్కలు. ఆ బల్ల ముందు నిలబడ్డప్పుడు మాత్రమే ఆమె భుజాలు కొంచెం వెనక్కి వెళ్లేవి. ఇంట్లో ఎవరూ ఆమెను అలా చూసి ఎరుగరు. ఒకసారి కూతురు అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయి, "అమ్మా, నువ్వు ఇక్కడ పొడుగ్గా ఉన్నావే!" అంది. ఆ మాటను ఆమె చాలాకాలం దాచుకుని దాచుకుని తలుచుకుంది.

సభలు జరిగే ఒక పెద్ద హాలు నుంచి వేదిక తెరలకు ఆర్డరు వచ్చింది. ముదురాకుపచ్చ వెల్వెట్. ఒక్కో తెరకు మూడు ముక్కలు నిలువునా కలిపి కుట్టాలి. వెల్వెట్‌తో ఉన్న చిక్కేమిటంటే, దాని మీద నూగు ఉంటుంది. పిల్లి ఒంటి మీద నిమిరినట్టే, ఒకవైపు నిమిరితే నున్నగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలన్నిటి నూగూ ఒకే వైపుకి ఉండాలి. ఒక్క ముక్క తలకిందులైనా దీపాల వెలుగులో అది వేరే రంగులా కనిపిస్తుంది. అదే థాను, అదే రంగు, అయినా పక్కింటి బట్ట తెచ్చి అతికినట్టుంటుంది. అందుకని ఆమె ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు గీసేది. అదీ చాలక పై మూలన అంచులో కత్తెరతో చిన్న గాటు పెట్టేది. గాటు సంగతి ఎవరికీ చెప్పలేదు, అది తన మనసు నిమ్మళం కోసం.

ముక్కలు కలిపి కుట్టింది గువ్వ. ఆ పిల్ల అసలు పేరుతో షాపులో ఎవరికీ పని లేదు. వచ్చిన మొదటి రోజు నుంచీ గువ్వలా ఒదిగి కూర్చుని, ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతుంది కాబట్టి అందరూ గువ్వ అన్నారు. మిషను మీద చేయి మాత్రం గీత గీసినట్టు పోతుంది. పిన్నికి ఆ పిల్లంటే ముద్దు. డబ్బా తెరిస్తే ముందు దానికింత పెట్టి గానీ తను తినేది కాదు.

తెరలు వెళ్లిపోయాయి. హాలువాళ్లు వాటిని కట్టారు. కట్టిన మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది.

షాపు యజమానురాలిని అందరూ మేడమ్ అంటారు. అరవదు, కోప్పడదు, ఏ మాటా రెండోసారి చెప్పదు. ఆవిడ పెరిగిన ఇంట్లో అవునంటే అవును, కాదంటే కాదు. మధ్యలో ఇంకో మెట్టు లేదు. ఫోను పెట్టేసి అందరినీ కటింగ్ బల్ల దగ్గరికి పిలిచింది.

"ఎడమ తెరలో మధ్య ముక్క తలకిందులుగా ఉందట. వేదిక మీద నల్లటి చార పడ్డట్టుందట. ఎవరి పొరపాటు ఇది?"

మిషన్లు ఆగిపోయాయి. మాస్టారు టేపును వేలికి చుట్టుకుంటున్నాడు. గువ్వ నేలలోకి చూస్తోంది. ఆ నిశ్శబ్దం పిన్నికి ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది. తప్పు అలా గాలిలో ఉంది, కింద పడబోతోంది, ఇంతమంది ఉండి ఒక్కరూ చెయ్యి చాపరేం? ఆలోచించి అనలేదు. నోరే అనేసింది.

"నాదేనండీ తప్పు. బాణం గుర్తు గట్టిగా గీయాల్సింది."

అని చుట్టూ చూసింది. ఇప్పుడు ఎవరో ఒకరు అందుకోవాలి. "కాదు పిన్నీ, కుట్టేటప్పుడు నేను నిమిరి చూసుకోవాల్సింది" అని గువ్వ అనాలి. "పంపేముందు నేనొకసారి చూడాల్సింది" అని మాస్టారు అనాలి. అప్పుడు తను "అయ్యో, మీదెందుకు" అనాలి. అంతా కలిసి ఆ ముక్క విప్పి తిప్పి కుట్టుకోవాలి. మాస్టారు టేపు చుట్టుకుంటూనే ఉన్నాడు. గువ్వ తల ఎత్తలేదు. చేతిలో వేడి గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిలా పిన్ని ఒక్కొక్కరి ముఖమే చూసింది.

మేడమ్ ముఖం మాత్రం మెత్తబడింది. "చూశారా?" అంది అందరితో. "తప్పు ఎవరైనా చేస్తారు. అడగ్గానే నాదే అని ఒప్పుకోవడం ఎంతమందికి వస్తుంది? నాకు ఇలాంటి మనుషులంటేనే గౌరవం." తర్వాత అంతే మెత్తగా పిన్నితో అంది. "కానీ పిన్నిగారూ, ఇది చిన్న పొరపాటు కాదు. కొన్నాళ్లు కటింగ్ బల్ల వదిలేయండి. రింగులు కొట్టే బల్ల దగ్గర కూర్చోండి. ఏమీ అనుకోకండి."

"అయ్యో, ఏమనుకుంటానండీ" అంది పిన్ని. అదీ నోరే అంది.

ఆ సాయంత్రమే తెర విప్పి తేవడానికి మాస్టారుతో పాటు హాలుకు వెళ్లింది. ఖాళీ కుర్చీల ముందు తెర వేలాడుతోంది. నిజంగానే నల్లటి చార. నిచ్చెన మీంచి మాస్టారు కొక్కేలు తప్పిస్తుంటే, కింద నిలబడి తెరను చేతుల్లోకి తీసుకుంటూ ఆమె ఆ ముక్క మూలలు తడిమింది. గాటు కింద ఉంది. పైన ఉండాల్సిన గాటు నేలకు ఆనుకుని ఉంది. వెనక్కి తిప్పి చూస్తే సుద్ద బాణం ఉంది, కానీ అది ఆమె గీసింది కాదు. ఆమె బాణానికి పొడుగాటి తోక ఉంటుంది. దీనికి తోక లేదు, భయం భయంగా గీసినట్టు పలచగా ఉంది. పక్కనే ఆమె గీసిన గీత చెరిగిపోయి, బూడిద అంటినట్టు మిగిలింది.

"ఏంటి పిన్నీ, అలా నిలబడిపోయావ్?" పైనుంచి అడిగాడు మాస్టారు.

"ఏం లేదు, బరువుగా ఉంది."

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన బూట్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"నువ్వు చెయ్యలేదు?"

"లేదు."

"మరి నాదే అని ఎందుకన్నావ్?"

"మాటవరసకన్నానండీ. ఎవరో ఒకరు కాదంటారనుకున్నాను."

"మాటవరసకా! మాటవరసకి ఇంకో పూట భోజనానికి ఉండమంటారు గానీ, చెయ్యని తప్పు నెత్తినేసుకుంటారా ఎవరైనా?" అన్నాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. ఎప్పుడూ నవ్వే మనిషి అలా మానేయడమే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది.

రింగులు కొట్టే బల్ల షాపు వెనక, ఇనప బీరువాల మధ్య. కొత్తగా చేరినవాళ్లు చేసే పని. తెర పై అంచులో కన్నం చేసి, రింగు పెట్టి, పిడి నొక్కడం. టక్కుమని నొక్కిన ప్రతిసారీ ఆమె తల తిప్పి కటింగ్ బల్ల వైపు చూసేది. బట్ట తీసుకెళ్లడానికి వచ్చిన పాత ఖాతాదారులు, "పిన్నిగారు ఇక్కడున్నారేం?" అని అడిగితే, ఎవరో ఒకరు గొంతు తగ్గించి చెప్పడం వినిపించేది. "వెల్వెట్ తలకిందులు కోసింది పాపం. కానీ వెంటనే ఒప్పుకుంది." ఒప్పుకుంది అన్న ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది.

ఆమె గువ్వ కోసం ఎదురుచూసింది. ఇవాళ వస్తుంది, నలుగురిలో చెప్పలేకపోయినా చాటుగా వచ్చి చెబుతుంది అనుకుంది. గువ్వ వచ్చేది, "పిన్నీ, మంచినీళ్లు తాగుతారా?" అని అడిగి వెళ్లిపోయేది. అదే, ఏమీ ఎరగని ముఖం. రోజులు గడిచేకొద్దీ పిన్ని లోపల ఏదో పులవడం మొదలైంది. దీనికోసమే కదా నేను మోస్తున్నాను అనుకునేది. అలా అనుకున్న మరుక్షణం, మోయమని అదేమన్నా అడిగిందా అనిపించేది. మంచితనం అనుకున్నది తిరిగి రావాల్సిన బదులుగా తయారవుతోందని తెలిసి, తన మీద తనకే రోత పుట్టేది. అయినా పులవడం ఆగలేదు.

ఒక మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. అలవాటుగా గువ్వ తన మూత ముందుకు జరిపింది, పిన్ని ఏదైనా పెడుతుందని. పిన్ని పెట్టలేదు. ఎవరివైపూ చూడకుండా, "కొంతమంది అదృష్టవంతులమ్మా. నోరు తెరిచి మాట రాదు గానీ, ముద్ద మాత్రం చక్కగా దిగుతుంది" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరినీ నొప్పించని నోరు అన్నాయన చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. గువ్వ తన మూత వెనక్కి తీసుకుంది. డబ్బా మూసేసి మిషను దగ్గరకెళ్లి కూర్చుంది. పిన్నికి తన నోట్లో ముద్ద మట్టిలా అనిపించింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టింట్లో అలాంటి మాట ఆమె ఒక్కసారీ వినలేదు.

ఆ వారంలోనే మేడమ్ గువ్వను పిలిచి, మాస్టారు దగ్గర కటింగ్ నేర్చుకోమంది. గువ్వ ఆ కబురు ఎవరితోనూ చెప్పలేదు. చేతులు కడుక్కునే చోట పిన్ని ఒక్కతే ఉన్నప్పుడు వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"మీ బల్ల నాకిస్తామంటున్నారు పిన్నీ. నాకొద్దు. నేనేం చెప్పను?"

"ఇచ్చినప్పుడు తీసుకో. తప్పు చేసినదాని బల్ల ఖాళీగానే ఉందిగా."

"మీరు అప్పుడప్పుడు ఇలా మాట్లాడుతున్నారు. నేనేం చేశాను?"

పిన్ని కుళాయి కట్టేసి వెనక్కి తిరిగింది. "నిజంగా తెలీదా నీకు? ఆ ముక్క పై మూలన నేను కత్తెరతో పెట్టిన గాటు కింద ఉంది. బాణం నేను గీసింది కాదు."

గువ్వ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. గోడకు ఆనుకుంది.

"ముక్క కింద పడింది. తీసేటప్పుడు నా చెయ్యి తగిలి సుద్ద చెరిగిపోయింది. నేనే మళ్లీ గీశాను. సరైన వైపే గీశాననుకున్నాను. ఫోనొచ్చిన రోజు ప్రాణం పోయింది నాకు. అప్పుడు మీరు నాదే అన్నారు. హమ్మయ్య, అయితే నేను సరిగ్గానే గీశాను, ఆ పొరపాటు వేరేదన్నమాట అనుకున్నాను. చెయ్యని తప్పు ఎవరైనా ఒప్పుకుంటారా పిన్నీ?"

"ఎందుకొప్పుకోరు?"

"మా ఇంట్లో చేసింది కూడా ఒప్పుకోం. ఒప్పుకున్నవాళ్లకే దెబ్బలు. ఒకటి ఒప్పుకుంటే, అయితే అదీ నువ్వే, మొన్నటిదీ నువ్వే అని పాతవన్నీ కలిపి కొట్టేవాడు మా నాన్న. మా అక్క ఒకసారి ఒప్పుకుంది. ఆ తర్వాత మేమెవరం ఏదీ ఒప్పుకోలేదు. నోరు మూసుకుని నేలలోకి చూస్తూ నిలబడితే ఆయనకే విసుగొచ్చి పోయేవాడు. మీరు అందరిముందూ గట్టిగా అన్నారంటే అది నిజమే అయ్యుంటుందనుకున్నాను. మీకెంత ధైర్యమో అనుకున్నాను."

ఇన్నాళ్లూ పిన్ని ఈ పిల్లను దొంగను చూసినట్టు చూసింది. ఇద్దరూ ఒకే గదిలో ఒకే నిశ్శబ్దంలో నిలబడ్డారు, ఆ నిశ్శబ్దం ఒకరికి చెయ్యి చాపమని చెప్పింది, ఇంకొకరికి చెయ్యి దాచుకోమని చెప్పింది.

"మేడమ్‌కి చెప్తారా?" అంది గువ్వ.

"చెప్పను" అంది పిన్ని వెంటనే. "నేనెందుకు చెప్తాను? నువ్వు భయపడకు."

ఆదివారం ఇంట్లో స్నానాల గది కుళాయి కారి, నీళ్లు గదిలోకి వచ్చాయి. కట్టకుండా వదిలేసింది భర్త. అది అందరికీ తెలుసు, చివర వెళ్లింది ఆయనే. కూతురు పరుగున వచ్చి, తల ఒక పక్కకి వాల్చి, "నాదే తప్పు నాన్నా, నేను చూసుకోవాల్సింది" అంది.

"అచ్చు గుద్దినట్టు మీ అమ్మే!" అని నవ్వాడు ఆయన.

పిన్ని నవ్వలేదు. పిల్ల ముందు కూర్చుంది. "నువ్వు విప్పావా కుళాయి?"

"లేదు."

"మరి ఎందుకన్నావ్?"

"నువ్వంటావుగా." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది పిల్ల. "నిన్న స్కూల్లో కిటికీ అద్దం పగిలినప్పుడు కూడా అన్నాను. టీచరు వెనక బెంచీలో కూర్చోబెట్టింది. రేపటికి ముందుకు పిలుస్తుందిలే."

తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ ముందుకు పిలవరే పిచ్చితల్లీ, పిలవాలంటే నువ్వు చెప్పాలే అనాలనిపించింది. తను చెప్పని మాట దానికెలా చెబుతుంది?

మర్నాడు ఆమె మేడమ్ గది తలుపు తట్టింది. ఆ గదికి ముందువైపు గోడ లేదు, అద్దమే. లోపల ఎవరున్నదీ బయట అందరికీ కనిపిస్తుంది, మాటలు మాత్రం వినిపించవు.

"మేడమ్, ఆ వెల్వెట్ తప్పు నాది కాదండీ."

నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, నాది కాదు అనే మాట మొదటిసారి పలికింది. కొత్త చెప్పులు వేసుకున్నట్టు నోరంతా ఒరుసుకుంది.

మేడమ్ కలం కింద పెట్టింది. "మీది కాదా? మరెవరిది?"

పిన్ని పలకలేదు.

"ఆ రోజు మీరే కదా అందరి ముందూ ఒప్పుకున్నారు?"

"మర్యాదకన్నానండీ. మా ఇంట్లో అలా అనేవాళ్లం. ఎవరూ అడక్కముందే నాదే అంటాం. అప్పుడు మిగతావాళ్లు కాదంటారు."

మేడమ్ ఆమెను చూసింది. కోపంగా కాదు, అర్థం కాని లెక్కను చూసినట్టు. "అంటే ఆ రోజు మీరు నాకు అబద్ధం చెప్పారు. నేను ఆ అబద్ధాన్ని పట్టుకుని అందరిముందూ మిమ్మల్ని పొగిడాను."

నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది పిన్నికి. అబద్ధం! నాయనమ్మ పెట్టిన పద్ధతి, అమ్మ నోట, చిన్నమ్మ నోట విన్న మాట, ఈ గదిలోకి వచ్చేసరికి దాని పేరు అదా? కాదనడానికి కూడా లేదు. వెతికి చూసుకుంటే ఆ మాటలో నిజం ఎక్కడా లేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. గువ్వ. పిన్ని లోపలికి రావడం మిషను దగ్గర నుంచి అద్దంలోంచి చూసినట్టుంది. తట్టకుండానే లోపలికొచ్చింది. ఒక చెయ్యి పైకెత్తి చెవినీ చెంపనీ కప్పుకుంది. అలా ఎత్తినట్టు దానికే తెలియదు.

"నేనేనండీ. నేనే. పిన్ని చెప్పింది నిజమే. సుద్ద చెరిగిపోతే నేనే తిప్పి గీశాను."

పిన్ని లోపల ఏదో ఎగిరి గంతేసింది. అది జాలి కాదు. తన బల్ల, కిటికీ వెలుగు, కత్తెర, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఆ పిల్ల చెయ్యి ఇంకా చెంప మీదే ఉంది, తనకేమో సంతోషం.

"చెయ్యి దించమ్మా" అంది మేడమ్. "ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరు. ఎలా జరిగిందో చెప్పు."

గువ్వ చెప్పింది. తడబడుతూ, మధ్యలో ఆగుతూ, మొత్తం చెప్పింది. ఎవరిమీదా వెయ్యలేదు. విన్నాక మేడమ్ పిన్ని వైపు తిరిగింది. "మీరేమైనా చెప్పాలా?"

నాలుక చివరికొచ్చింది. చెరిగిపోని సుద్దతో గీయాల్సింది నేనే అని. అందుకోమని నాయనమ్మ వెనక నుంచి తోస్తున్నట్టే ఉంది. పిల్ల వణుకుతూ మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నదాన్ని తను లాక్కుంటే, దానికి మిగిలేదేముంది? అందుకే ఊరుకున్నానని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. కానీ ఊరుకుంటే బల్ల తిరిగొస్తుందన్న సంగతి కూడా ఆ క్షణంలో ఆమెకు బాగా తెలుసు. రెంటిలో ఏది ఎంత పాలో ఎన్నడూ తేల్చుకోలేకపోయింది.

"లేదండీ" అంది.

"సరే. పిన్నిగారు తన బల్లకు వెళ్లొచ్చు. నువ్వు మిషను మీదే ఉండు. వెల్వెట్ వస్తే నిమిరి చూడకుండా సూది దించకు." మేడమ్ కలం తీసుకుంటూ పిన్నితో అంది. "ఒక్కటి మాత్రం చెప్తాను. ఇకమీద మీరు నాదే అంటే నేను నమ్మను. నిజంగానా అని మళ్లీ అడుగుతాను."

"అడగండి" అంది పిన్ని తల ఎత్తకుండా.

బయటికొచ్చేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. అద్దం గదిలో మాటలు వినబడకపోయినా ముఖాలు కనబడతాయిగా. మాస్టారు కత్తెర తుడిచి ఆమె చేతికిచ్చాడు. "నాకు ఆ రోజే అనుమానం పిన్నీ. నువ్వు తలకిందులు కోస్తావా?"

"మరి ఆ రోజే అనలేదేం మాస్టారూ?"

"నువ్వే ఒప్పుకుంటుంటే మధ్యలో నేనెవర్నమ్మా?" అన్నాడాయన. అని మళ్లీ టేపు వేలికి చుట్టుకున్నాడు.

ఆమె బల్ల మీద బట్ట పరిచింది. కొలిచింది. సుద్ద తీసుకుంది, గీయలేకపోయింది. దించి మిషను దగ్గరికి నడిచింది. గువ్వ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం పక్కకి పోతోంది, మళ్లీ ఎక్కిస్తోంది.

"నాదే తప్పే" అంది పిన్ని. ఎన్నో ఏళ్లుగా అన్న మాటే. ఇప్పుడది గీరుకుంటూ బయటికొచ్చింది.

గువ్వ దారం వదలలేదు. తల తిప్పకుండానే అంది. "చెప్పనన్నారు కదా పిన్నీ."

నీ పేరు నేను చెప్పలేదు అనొచ్చు. మేడమ్ అడిగినా నోరు మెదపలేదు అనొచ్చు. నా కూతురు వెనక బెంచీలో కూర్చుందే అనొచ్చు. అన్నీ నిజాలే. వాటిలో ఏ ఒక్కటి అన్నా గువ్వ పాపం "పోనీలే పిన్నీ" అనేసేదే.

"అన్నాను" అంది పిన్ని. ఇంకేమీ కలపలేదు. గువ్వ ఏదో అంటుందేమోనని ముఖం వైపు చూడబోయి, చూడకుండా తల దించుకుంది.